ఫ్లోరెన్స్ నైటింగేల్: మృతుల లెక్క మరువని నర్సు

మే 12వ తేదీ వచ్చిందంటే మన ఆసుపత్రులలో నర్సుల దినోత్సవం. విద్యార్థినులు తెల్లని దుస్తులు ధరించి, చేత కొవ్వొత్తులు పట్టుకొని ప్రమాణం చేస్తారు. పెద్దలు ఒకరిద్దరు లేచి ఫ్లోరెన్స్ నైటింగేల్ గారి దీపాన్ని గూర్చి నాలుగు మాటలు చెబుతారు. ఫలహారాలతో సభ ముగుస్తుంది. ఇటువంటి సభలకు మేము చాలా వాటికి వెళ్ళాము. ఆ దీపం ఎవరి ముఖాల మీద పడిందో, ఆ ముఖాలలో ఎన్ని తెల్లవారేసరికి నిర్జీవమయ్యాయో చెప్పినవారు మాకు తటస్థపడలేదు.

మన సంఘాలలో నర్సు లేని బంధువర్గం అరుదు. ఒకప్పుడు మిషను ఆసుపత్రిలో పనిచేసిన అమ్మమ్మ ఉంటుంది, నేడు హైదరాబాదులోనో, గల్ఫు దేశాలలోనో, ఇంగ్లండులోనో ఐ.సి.యు.లో రాత్రి డ్యూటీ చేసే మనుమరాలు ఉంటుంది. ఆ పిల్ల సెలవు మీద వచ్చినప్పుడు జీతం ఎంతో అడుగుతాం, పెండ్లి మాట అడుగుతాం. ఈ ఏడు నీ కళ్ళ ముందు ఎందరు పోయారమ్మా అని ఎవరమూ అడగం. ఆమె చెప్పదు. మూడు వారాలు తన చేతితో అన్నం పట్టి, ఒళ్ళు తుడిచి, పేరు పెట్టి పిలిచిన మనిషి చనిపోతే, ఆ మంచానికి దుప్పటి మార్చి, గంటలోగా మరొకరిని అదే మంచం మీద చేర్చుకోవలసిన పని ఆమెది. ఈ బరువును నర్సులు ఎక్కడ దించుకుంటారు? నైటింగేల్ గారి జీవితాన్ని ఈ వైపు నుండి చెప్పుకుంటే బాగుంటుందని మాకు తోచింది.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశపు ఫ్లోరెన్స్ నగరంలో జన్మించారు. ఊరి పేరే బిడ్డ పేరైంది. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్ సంపన్నుడు, ఇంగ్లండులో రెండు పెద్ద భవనాలు గలవాడు. తన కుమార్తెలిద్దరికీ తానే గ్రీకు, లాటిన్, చరిత్ర బోధించాడు. లెక్కలంటే ఫ్లోరెన్స్‌కు చిన్ననాటి నుండి ప్రీతి. ఈ ప్రీతిని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి, తరువాత పనికివస్తుంది. 1837 ఫిబ్రవరి 7న దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమె వ్రాసి పెట్టుకున్నారు. అయితే ఆ సేవ ఏదో తెలియడానికి ఏళ్ళు పట్టింది, తెలిసిన తరువాత ఇంట్లో ఒప్పించడానికి మరికొన్ని ఏళ్ళు పట్టింది. ఆనాడు ఇంగ్లండులో నర్సు అంటే తాగుబోతు, చదువురానిది అని పేరు. గొప్పింటి పిల్ల ఆ పనికి పోవడం తల్లికి, అక్కకు తలవంపులుగా తోచింది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి రోజులలో మన ఇళ్ళలోనూ ఇదే మాట వినిపించేది గదా.

1851లో ఆమె జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో పాస్టరు ఫ్లీడ్నరు నడిపిన డీకనెస్సుల సంస్థలో మూడు నెలలు శిక్షణ పొందారు. 1853లో లండన్ హార్లీ వీధిలో ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలయ్యారు. మరుసటి సంవత్సరం క్రిమియా యుద్ధం వచ్చింది.

రష్యాపై బ్రిటన్, ఫ్రాన్సు, టర్కీ కలిసి చేసిన యుద్ధం అది. గాయపడినవారిని, జబ్బుపడినవారిని క్రిమియా నుండి నల్లసముద్రం మీదుగా ఓడలలో కాన్‌స్టాంటినోపుల్ ఎదుటి ఒడ్డున ఉన్న స్కుటారీకి చేర్చేవారు. దారిలోనే కొందరు చనిపోయేవారు. అక్కడ టర్కీ సైన్యపు బ్యారకు ఒకటి ఆసుపత్రిగా మారింది. యుద్ధశాఖలో మంత్రిగా ఉన్న సిడ్నీ హెర్బర్ట్ నైటింగేల్ గారికి మిత్రుడు. ఆయన కోరికపై ఆమె 38 మంది స్త్రీలతో 1854 అక్టోబరు 21న బయలుదేరి నవంబరు 4న స్కుటారీ చేరారు. ఆ 38 మందిలో పదిమంది కాథలిక్ కన్యాస్త్రీలు, పద్నాలుగురు ఆంగ్లికన్ సహోదరీమణులు, పద్నాలుగురు ఆసుపత్రులలో జీతానికి పనిచేసినవారు. ఒకే కప్పు క్రింద ఇన్ని సంఘాలవారు ఉంటే జరిగే చిక్కులన్నీ జరిగాయి. వాటిని మేము విస్తరించము.

వారు చేరిన మరునాడే ఇంకెర్మన్ యుద్ధం. గాయపడినవారు వందలుగా వచ్చి పడ్డారు. మొదట స్త్రీలను వార్డులలోనికి రానివ్వని వైద్యాధికారులు తామే పిలవవలసి వచ్చింది. శీతకాలం ముదిరేకొద్దీ గాయాలవారు తగ్గి, విరేచనాలు, కలరా, జ్వరాలు, చలికి మాడిన కాళ్ళతో వచ్చేవారు ఎక్కువయ్యారు. వరండాలలో కూడా పడకలే. భవనం క్రింద మురుగు కాలువలు నిండి పొంగుతున్నాయి. ఆ మొదటి శీతకాలంలోనే అక్కడ 4,077 మంది సైనికులు చనిపోయారు. గాయాలవల్ల పోయినవారికంటే వ్యాధులవల్ల పోయినవారు సుమారు పది రెట్లు.

చావును తప్పించలేనప్పుడు ఆమె ఏం చేశారు? ఏ సైనికుడూ ఒంటరిగా చనిపోకూడదని ఒక నియమం పెట్టుకున్నారు. తాను పోగలిగిన చోటికి తాను పోయేవారు, పోలేని చోటికి మరొకరిని పంపేవారు. ఆ చలికాలంలో తాను సుమారు రెండు వేల మంది మరణశయ్యల దగ్గర ఉన్నట్లు ఆమె అంచనా వేసుకున్నారని జీవితచరిత్రకారులు చెబుతారు. రాత్రి ఎనిమిది దాటితే ఇతర నర్సులు వార్డులలో ఉండరాదు. అప్పుడు ఆమె మడతపెట్టే టర్కీ లాంతరు చేతపట్టి మైళ్ళ పొడవున ఉన్న పడకల వరుసల మధ్య నడిచేవారు. చిత్రకారులు ఆ లాంతరును గ్రీకు ప్రమిదగా మార్చి గీశారు. మన సభలలో కొవ్వొత్తికి మూలం ఆ చిత్రాలే.

అవయవాలు కోసివేసే శస్త్రచికిత్సలు వార్డులోనే, తక్కినవారి కళ్ళెదుటే జరిగేవి. పక్క మంచం మీద తన వంతు కోసం ఎదురుచూసేవాడు అది చూసి కృంగిపోతున్నాడని గ్రహించి ఆమె ఒక తెర తెప్పించారు. మరీ ప్రమాదస్థితిలో ఉన్నవారిని నర్సుల కంటికి దగ్గరగా ఉంచడం కూడా ఆమె పద్ధతి. ఐ.సి.యు. చరిత్ర వ్రాసేవారు చాలమంది ఇక్కడినుండే మొదలుపెడతారు. యంత్రాలతో కూడిన నేటి ఐ.సి.యు. దాదాపు నూరేళ్ళ తరువాత, 1953లో, డెన్మార్కులోని కోపెన్‌హేగన్‌లో పోలియో వ్యాధి ప్రబలిన దరిమిలా ఏర్పడింది.

తరువాతి పని ఉత్తరాలు. చనిపోయినవాని తల్లికో భార్యకో ఆమె స్వయంగా వ్రాసేవారు. అతడు చివర ఏమి చెప్పాడో, ఎవరిని తలచుకున్నాడో, అతని దగ్గర మిగిలిన కొద్ది సొమ్ము, వస్తువులు ఎలా చేరతాయో అందులో ఉండేవి. సామాన్య సిపాయి చనిపోతే ఇంత వివరంగా ఇంటికి వ్రాయడం ఆనాటి సైన్యంలో ఊహకు అందని విషయం. ఇది కేవలం ఆ కుటుంబం కోసమే చేసినదని మేము అనుకోము. వ్రాసేటప్పుడు వ్రాసేవారికి కూడా ఆ మనిషి శవాల గుంపులో ఒకడు కాకుండా, ఫలానా ఊరి ఫలానా తల్లి కొడుకుగా తిరిగి నిలుస్తాడు. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వార్డులలో నర్సులు తమ చేతిలో ఫోను పట్టుకొని, లోపలికి రానివ్వని కుటుంబాలకు చివరి చూపు చూపించారు. చేసిన పని అదే. ఆ 2020 నైటింగేల్ గారి ద్విశత జయంతి సంవత్సరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ముందే నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. లండన్‌లో ప్రదర్శనశాలను ఆసుపత్రిగా మార్చి ఐ.సి.యు. పడకలు వేసినప్పుడు దానికి ఆమె పేరే పెట్టారు.

స్కుటారీలో అందరూ ఆమెవలె నిలబడలేదు. తాగి పట్టుబడిన నర్సులను ఆమె ఇంటికి పంపివేశారు. చరిత్ర పుస్తకాలు దీనిని వారి దుర్గుణంగా వ్రాసి ఊరుకుంటాయి. పగలంతా చావులు చూసి, రాత్రి ఎలుకలు తిరిగే గదిలో ఇరుకుగా పడుకొనే స్త్రీ సారా ఎందుకు తాగిందో ఆ పుస్తకాలు అడగవు. నైటింగేల్ గారు కూడా ఆనాడు అడగలేదు. క్రమశిక్షణ లేకపోతే నర్సులను యుద్ధభూమి నుండి శాశ్వతంగా తరిమివేస్తారని ఆమె భయం. ఆ భయం న్యాయమైనదే గాని, ఆ పంపివేయబడినవారి పట్ల మాకు జాలి కలుగుతుంది.

ఆమె మనస్సు విప్పి మాట్లాడగలిగినవారు అక్కడ బహు కొద్దిమంది. వారిలో ముఖ్యురాలు లండన్ బెర్మండ్సీ కాన్వెంటు మదర్ మేరీ క్లేర్ మూర్. ఒకరు ఆంగ్లికన్, ఒకరు కాథలిక్. అయినా కలిసి మృతులను చూసినవారి మధ్య ఏర్పడే చెలిమి వేరు. 1874లో మదర్ క్లేర్ చనిపోయేవరకు ఆ స్నేహం చెడలేదు.

1855 మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం స్కుటారీ చేరింది. డాక్టర్ సదర్లాండు అందులో ముఖ్యుడు. వారు మురుగు కాలువలు కడిగించారు, వందలాది తోపుబండ్ల చెత్త ఎత్తించారు, పశువుల కళేబరాలు పూడ్పించారు, గాలి వచ్చే దారులు చేయించారు. ఫిబ్రవరిలో చికిత్సకు వచ్చినవారిలో నూటికి 42 మంది చనిపోగా, జూను నాటికి ఆ సంఖ్య నూటికి సుమారు 2కు దిగింది. ఆ మే నెలలో క్రిమియా వెళ్ళిన నైటింగేల్ గారు విషజ్వరంతో మరణం అంచుదాకా వెళ్ళి వచ్చారు. ఆ జ్వరం బ్రూసెల్లోసిస్ అయి ఉండవచ్చునని ఒక పరిశోధకుడు 1995లో వైద్య పత్రికలో వ్రాశాడు. ఆమెతో పనిచేసిన నర్సులలో కొందరు అక్కడే జ్వరంతో, కలరాతో చనిపోయారు. బాలక్లావా కొండమీద ఆమె నెలకొల్పిన పాలరాతి సిలువ యుద్ధ మృతులతో పాటు వారికి కూడా స్మారకమే.

యుద్ధం ముగిసి 1856లో స్వదేశం చేరినప్పుడు బ్యాండు మేళాలతో స్వాగతం చెప్పడానికి జనం సిద్ధమయ్యారు. ఆమె మిస్ స్మిత్ అనే మారుపేరుతో ప్రయాణించి, ఆగస్టులో రైలు దిగి ఒంటరిగా ఇంటికి నడిచి వెళ్ళారు. అప్పటినుండి తిండి తినలేరు, నిద్రపోలేరు. ఆమె ఏకాంతంగా వ్రాసుకున్న చీటీలు నేటికీ ఉన్నాయి. తన బిడ్డలను క్రిమియా సమాధులలో వదలి ఇంటికి వచ్చిన చెడ్డ తల్లిగా తనను తాను ఆమె అందులో నిందించుకున్నారు. ఆ విలాపం మధ్యలోనే ఒక లెక్క కూడా వ్రాశారు: ఎనిమిది రెజిమెంట్లలో ఆరు నెలల వ్యవధిలో వ్యాధులవల్లనే నూటికి 73 మంది. కన్నీటి పక్కన అంకె. ఆమె స్వభావం యావత్తు అందులో ఉంది.

తరువాతి భాగాన్ని మన ఉపన్యాసకులు ఎందుకు వదిలివేస్తారో తెలుస్తూనే ఉంది. అది దీపం కథంత అందంగా ఉండదు. తిరిగి వచ్చేనాటికి ఆమె నమ్మకం ఏమనగా, సైనికులు ఆకలితో, చలితో, బట్టలు లేక ఆఖరి దశలో ఆసుపత్రికి వచ్చినందున చనిపోయారని, తప్పు సరఫరా అధికారులదని. 1857లో రాణి పేర ఏర్పడిన విచారణ సంఘం కోసం గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి ఆమె మరణాల పట్టికలు తయారుచేశారు. పట్టికలు చేసేకొద్దీ వేరొక సత్యం బయటపడింది. చావులు అత్యధికంగా స్కుటారీలోనే. మురుగు, మూసిన గాలి, గుంపు కలిసి ఆ ఆసుపత్రే మనుషులను చంపింది. తాను రాత్రింబవళ్ళు కాపాడుతున్నానని అనుకున్న చోటనే వారు కోలుకొనే అవకాశం పోగొట్టుకున్నారు.

ఆ ఆగస్టులో ఆమె పూర్తిగా పడిపోయారు. మాల్వర్న్ అనే ఊరికి చికిత్సకు తీసుకువెళ్ళారు. తరువాత చాలా ఏళ్ళు మంచం మీదనే గడిపారు. ఈ సత్యం తెలియడమే ఆమెను కూల్చిందని హ్యూ స్మాల్ అనే రచయిత 1998లో వాదించాడు. క్రిమియా జ్వరం తిరగబెట్టిందని మరికొందరు అంటారు. మాకు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డుగా తోచవు. శరీరం, మనస్సు ఒకే ఇంట్లో కాపురం ఉంటాయి. రోగి చనిపోయిన తరువాత నర్సును రాత్రివేళ లేపి కూర్చోబెట్టే ప్రశ్న ఇదొక్కటే: నేను మరొకటి చేసి ఉంటే బ్రతికేవాడా? చాలమందికి జవాబు దొరకదు. నైటింగేల్ గారికి జవాబు అంకెలలో దొరికింది, అదీ బ్రతికేవాడని.

ఆమె ఆ అంకెలను దాచలేదు. దాచివుంటే దేశమంతా పూజించే ఆమెను ఎవరూ ప్రశ్నించేవారు కారు. 1858లో తన పెద్ద నివేదికను సొంతంగా అచ్చువేయించి ముఖ్యులకు పంపారు. చదవనివారికి కూడా అర్థం కావాలని గుండ్రని పటం గీయించారు. నెలకొక రేకు. నివారించదగిన వ్యాధులతో పోయినవారు నీలంలో, గాయాలతో పోయినవారు ఎరుపులో, తక్కినవారు నలుపులో. నీలం రేకులు పటమంతా కమ్ముకొని ఉంటాయి. ఆ ఏడే గణాంక శాస్త్ర సంఘంలో సభ్యత్వం పొందిన తొలి స్త్రీ అయ్యారు.

అప్పటినుండి ఎక్కడ మనుషులు చనిపోయినా, ఎందరు, దేనివల్ల అనేది ఆమె మొదటి ప్రశ్న. భారతదేశంలోని బ్రిటిషు సైన్యంలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నాటి నివేదిక తేల్చినప్పుడు, దాని వెనుక ఆమె శ్రమ ఉంది. ఆమె మన దేశానికి ఎన్నడూ రాలేదు. అయినా 1876-78 నాటి ధాతుకరువులో బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలలో ప్రజలు మలమల మాడి చనిపోతున్నప్పుడు, కాలువలు త్రవ్వి ఉంటే వీరు బ్రతికేవారు గదా అని లండన్‌లో వ్యాసాలు వ్రాసి పోరాడారు. ఈ విషయంలో ఆమె ఉత్తరాలు నడిపినవారిలో మన గోదావరి ప్రజలు దేవునివలె చూసుకొనే సర్ ఆర్థర్ కాటన్ ఒకరు.

ప్రజలు ఇచ్చిన విరాళాలతో 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల శిక్షణాలయం ఆరంభమైంది. ఆ నిధితోనే 1862లో కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో మంత్రసానుల శిక్షణకు ప్రసూతి వార్డు తెరిచారు. బాలింత జ్వరంతో తల్లులు చనిపోవడం ఎక్కువైంది. 1867లో దానిని మూసివేశారు. 1871లో ఆమె తన సొంత పథకంలో జరిగిన ఈ మరణాలతో సహా ప్రసూతి ఆసుపత్రుల లెక్కలన్నీ పుస్తకంగా ప్రచురించారు. స్కుటారీ నేర్పిన పాఠం అది.

ఆగ్నెస్ జోన్స్ అనే ఆమె శిష్యురాలు 1865లో లివర్‌పూల్‌లో నిరుపేదల ఆసుపత్రికి పన్నెండుమంది నర్సులతో వెళ్ళింది. వెయ్యికి పైగా రోగులు, నిద్రలేని రాత్రులు. 1868లో టైఫస్ జ్వరంతో 35వ ఏట మరణించింది. ఈ మరణంతో నైటింగేల్ గారు ఎంతో చలించిపోయారు. శిష్యురాలి స్మృతికి ఒక వ్యాసం వ్రాశారు. తరువాతి కాలంలో నర్సుల పట్ల ఆమె వైఖరి మెత్తబడిందని మాకు అనిపిస్తుంది. 1872 నుండి దాదాపు ఏటేటా విద్యార్థినులకు లేఖ వ్రాసేవారు. శిక్షణాలయంలో ప్రతి అమ్మాయికీ తలుపు వేసుకోగల సొంత గది ఉండాలని పట్టుబట్టారు. ఏడవవలసివస్తే ఏడవడానికి కూడా చోటు కావాలి గదా. నర్సులను ఒక్కొక్కరిగా తన ఇంటికి తేనీటికి పిలిచి, గంటల తరబడి వినేవారు. అలసినవారికి పండ్లు, పూలు, బలమైన ఆహారం పంపేవారు, విశ్రాంతికి పల్లెకు పంపేవారు. స్కుటారీ నుండి తాగినందుకు తిరుగు ఓడ ఎక్కించిన ఆమె, ముసలితనంలో ఒక మేట్రన్ ముఖం వాడితే కారణం అడిగే అమ్మగారయ్యారు.

రోగులతో మాట్లాడే విషయంలో కూడా ఆమె బోధ గట్టిది. చనిపోతున్నవానితో నీకేమీ లేదు, రేపటికి లేచి తిరుగుతావని ఊరికే పలకడం ఆమెకు గిట్టదు. 1859లో వ్రాసిన నర్సింగు పుస్తకంలో ఈ ఉత్త ఓదార్పులకే ఒక అధ్యాయం కేటాయించారు. రోగికి తన స్థితి తెలుసు, ఆ మాటలు అతనిని మరింత ఒంటరివాణ్ణి చేస్తాయని ఆమె అభిప్రాయం. పరామర్శకు వెళ్ళే మనవంటివారు ఆ అధ్యాయం చదవదగినది.

సిడ్నీ హెర్బర్ట్ 1861లోనే పోయాడు. మిత్రులు ఒకరి తరువాత ఒకరు వెళ్ళారు. ఆమె మాత్రం లండన్ సౌత్ వీధి ఇంట్లో మంచం మీదనుండి వేల ఉత్తరాలు వ్రాస్తూ బ్రతికారు. 1890లో, డెబ్బయ్యవ ఏట, బీద సైనికుల సహాయనిధి కోసం ఆమె స్వరాన్ని ఎడిసన్ యంత్రంపై రికార్డు చేశారు. అది నేటికీ వినవచ్చు. కొద్ది క్షణాలే మాట్లాడారు. ముప్పయి అయిదేళ్ళు గడిచినా, అందులో కూడా బాలక్లావా నాటి తన సహచరులనే తలచుకున్నారు. చివరి సంవత్సరాలలో చూపు పోయింది. 1907లో రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చాడు. ఆ గౌరవం పొందిన తొలి స్త్రీ ఆమె.

1910 ఆగస్టు 13న, 90వ ఏట, నిద్రలో కన్నుమూశారు. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో రాజులమధ్య సమాధి చేస్తామంటే కుటుంబంవారు వద్దన్నారు. ఆమె కోరిక మేరకు హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో అనే పల్లె దేవాలయ ఆవరణలో, తల్లిదండ్రుల దగ్గర సమాధి చేశారు. సైన్యం నుండి ఆరుగురు సార్జెంట్లు పెట్టెను మోశారు. క్రిమియా యుద్ధానికి వెళ్ళివచ్చిన ఒక వృద్ధ సైనికుడు కూడా ఆ పల్లెకు వచ్చి నిలబడ్డాడు. సమాధి రాతిమీద ఆమె పూర్తి పేరు లేదు. రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రమే చెక్కి ఉన్నాయి.